తాత పేరు ఎవరికి తెలుసు

చెంపదెబ్బ పడినప్పుడు హాసమ్ ఖాన్ నోట్లో ఉన్నది కొట్టినవాడి ముత్తాత పేరే.

కోటలాంటి ఆ ఇంట్లో ఆడవాళ్ల వైపు రాతి జాలీ వెనక, ఒళ్లో డోలక్కు పెట్టుకుని కూర్చున్న దాఖీ ఆ దెబ్బను కళ్లారా చూసింది. ముసలాయన తలపాగా ఎగిరి తివాచీ మీద పడింది. వాయిస్తున్న తీగల వాద్యం, కమాయిచా, చేతుల్లోంచి జారి బోర్లా పడింది. కొట్టినవాడు ఠాకూరు ఖంగార్ సింగ్. దెబ్బ తిన్నవాడు దాఖీకి మామ, ఆ ఇంటికి తాతల నాటి నుంచి పాడుతూ వచ్చిన మంగణియార్. పెళ్లికి పాట, పురుడుకి పాట, చావుకి పాట. ఆ ఇంట్లో ఎవడు పుట్టినా వాడి పేరు వంశావళిలో చేర్చి, నిండు సభలో నిలబడి కైవారం చదివేది ఆయనే. అలాంటి మనిషిని ఠాకూరు తన కొడుకు నిశ్చితార్థం విందులో, దోసిళ్లతో నల్లమందు నీళ్లు తాగుతున్న పెద్దమనుషుల ముందు, బడిపిల్లాణ్ణి కొట్టినట్టు కొట్టాడు.

ఏం తప్పు చేశాడయ్యా అంటే, ఒక ముక్క చదివాడు. ఠాకూరు పూర్వికుల్లో బైరీసాల్ అనే ఆయన ఎప్పుడో కరువు కాలంలో ఊరికి పడమటి దిక్కున్న అడవిని అమ్మవారి పేర వదిలేశాడు. దాన్ని ఓరణ్ అంటారు. జమ్మి చెట్లు, ముళ్ల పొదలు, నడుమ ఒక బావి. ఊళ్లో ఉన్న గొడ్డూగోదా అంతా దాని మీదే బతుకుతుంది. ఆ సంగతి కైవారంలో ఇట్లా వస్తుంది:

ఆవు ఆకలి తీరేదాకా, మేక దప్పిక తీరేదాకా
అమ్మకిచ్చిన అడవి ఇది, అందరి అడవి ఇది
కొమ్మ విరిచినవాడు నా కొడుకు కాడు
బెరడు గీకినవాడు నా వంశం కాడు.

విందులో ఆ రోజు కంపెనీ పెద్దలు కూర్చుని ఉన్నారు. ఎండనుంచి కరెంటు తీసే పలకలు పరచడానికి వాళ్లకు ఓరణ్ మొత్తం కావాలి. ఠాకూరు ఇస్తానన్నాడు. పొద్దున్నే హాసమ్ ఖాన్‌ను పిలిపించి, "బైరీసాల్ ముక్క వదిలేసి తక్కినదంతా చదువు" అని చెప్పాడు. ముసలాయన సరే దొరా అన్నాడు. అనడమైతే అన్నాడు గానీ, కైవారాన్ని మధ్యలో తెంచి చదవడం ఆయన పుట్టి ఎరగడు. ముందు పేరు వెనక పేరును లాక్కొచ్చింది, నాలుక తన దారిన తాను పోయింది. ఇది తిరుగుబాటేమీ కాదు, ఉత్త అలవాటు.

అన్నిటికంటే దాఖీని కోసేసింది ఇంకొకటి. దెబ్బ పడ్డాక కూడా మగవాళ్ల వైపు డోలక్కు ఆగలేదు. వాయించేది ఆమె మొగుడు నెహాల్.

"నీ తండ్రి మూతి పగిలి రక్తం కారుతుంటే తాళం తప్పకుండా వాయించావే. బంగారు కడియం చేయిస్తాడులే దొర నీ చేతికి" అంది ఇంటికొచ్చాక.

"చెయ్యి ఆగలేదే. ఏం చెయ్యమంటావు" అన్నాడు నెహాల్. ఆ చేతుల్ని తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

మర్నాడు వాడలో మగవాళ్లంతా హాసమ్ ఖాన్ గుడిసె ముందు చేరారు. ఆడవాళ్లు గోడ వెనక. ఠాకూరు ఇల్లు లేకపోతే గోధుమ లేదు, పెళ్లికి మేక లేదు, కరువొస్తే తలుపు తట్టడానికి గడప లేదు. అందుకని మాటలన్నీ సర్దుబాటు వైపే పోయాయి.

"పెద్దోళ్ల చెయ్యి. ఒక దెబ్బకి వొళ్లేం అరిగిపోదు" అన్నాడు ఒకడు.

"నీ చెంప కాదుగా."

"పోయి పాగా పెట్టి కాళ్లు పట్టుకుందాం. ఆ ముక్క చదవం అని చెబుదాం. అడవితో మనకేం పని, మనకు భూములున్నాయా, పుట్రలున్నాయా?"

"నీ మేకలు గాలి మేస్తున్నాయా మరి?" అని గోడ వెనక నుంచి ఒక ముసలమ్మ అంది. ఆడవాళ్లు నవ్వారు.

హాసమ్ ఖాన్ పెదవి వాచి ఉంది. మెల్లగా అన్నాడు. "వదిలెయ్యాలనే అనుకున్నానురా నేను. భయపడ్డాను. వదిలెయ్యాలనే నిలబడ్డాను. నాలుక వినలేదు. నా నాలుక నాకంటే మంచిదని ఈ వయసులో తెలిసింది." పక్కనున్న కమాయిచా మీద చెయ్యి వేసి, "తీగలు పాతేస్తాను" అన్నాడు.

ఆ మాట వాళ్లలో తండ్రులు పిల్లలకు కథగా చెప్పుకునే మాట. కళ్లతో చూసినవాడు వాడలో ఒక్కడూ లేడు. మంగణియార్ తన దాతను విడిచిపెట్టాలంటే అదొక్కటే దారి. కమాయిచా తీగలు విప్పి, తలపాగాలో చుట్టి, ఆ ఇంటి గుమ్మం ముందు మట్టిలో పాతిపెట్టాలి. ఆ క్షణం నుంచి ఆ వంశంలో ఒక్క పేరు కూడా ఆ వాడ మగవాడి నోట రాకూడదు. వస్తే ముడి మళ్లీ పడిపోయినట్టే. ఒక వాడ పాతితే ఏ వాడా ఆ ఇంటికి పాడదు. గడప మీద పాట ఆగిపోయిన ఇల్లంటే ఒకప్పుడు పిల్లనిచ్చేవాళ్లు కూడా వెనకాడేవాళ్లు.

కాళ్లు పట్టుకుందామన్నవాడు కూడా లేచాడు, అట్లాగే చేశారు. వాడంతా ఎర్రటి ఎండలో నడిచి వెళ్లింది. హాసమ్ ఖాన్ మోకాళ్ల మీద కూర్చుని, బిరడాలు తిప్పి తీగలు ఒక్కొక్కటే ఊడదీశాడు. గుంట తవ్వింది నెహాల్. ఠాకూరు మనుషులు అరుగు మీద నిలబడి చూశారు, నవ్వుదామనుకున్నవాళ్లకు కూడా నవ్వు రాలేదు. ఠాకూరు తల్లి మాజీసా పనిమనిషి చేత దాఖీకి కబురంపింది: "నా శవం ముందు ఎవరే పాడేది? నీకేం చేశాను నేను?" ఆమె నిజంగానే ఏమీ చెయ్యలేదు. దాఖీ కాన్పుల్లో నెయ్యి పంపిన మనిషి ఆవిడ. దాఖీ కళ్లు తుడుచుకుని, "ఆమె కొడుకును అడగమను" అని చెప్పి పంపింది.

నెల తిరక్కుండా కబురు ఇసుక దిబ్బలన్నీ దాటింది. ఏ వాడా ఒప్పుకోలేదు. ఎక్కడికో దూరపు వాడకు ఠాకూరు మనిషి జీపులో వెళ్లి అడిగితే, అక్కడి ముసలివాళ్లు నీళ్లిచ్చి, మంచం వేసి, తలూపి పంపించారు. మొదటిసారి తమకూ ఒక బలం ఉందని వాడకు అనిపించింది. పిల్లలు చిడతలు కొట్టుకుంటూ, దొరింటి పెళ్లికి మూగ బాజా అని ఆటలు కట్టారు. నెహాల్ కూడా మళ్లీ తలెత్తి నడిచాడు.

పెళ్లి రోజు వచ్చింది. సాయంత్రం లారీ వచ్చింది. దాని నిండా నల్లటి పెట్టెలు, ఒక్కోటి మనిషెత్తు. జోధ్‌పూర్ నుంచి డీజే. పెట్టెలు మోగడం మొదలెట్టగానే గుడిసెల్లో గిన్నెలు కదిలాయి. ఒంటెలు తాళ్లు తెంపుకున్నాయి. అందులో వాళ్ల పాటలే వచ్చాయి. ఎవడో ఎక్కడో ఏదో హోటల్లో తెల్లవాళ్ల కోసం పాడినవి, కింద దరువు వేసి, మీద ఈలలు కలిపి. పెళ్లికొడుకు స్నేహితులు గుర్రాల చుట్టూ ఎగిరారు. వాడలో పిల్లల కాళ్లు కూడా ఎగిరాయి. దాఖీ చిన్న కూతురు గుమ్మంలో నిలబడి తెలియకుండానే నడుం తిప్పుతుంటే, దాఖీ ఒక్కటి అంటించింది, తర్వాత దాన్ని వాటేసుకుని ఏడ్చింది. ఆడించే దరువు మోగుతుంటే కాళ్లేం చేస్తాయి పాపం.

పెళ్లి సలక్షణంగా జరిగిపోయింది. పిల్లనిచ్చినవాళ్లు ఏమీ అనుకోలేదు. పాట లేని పెళ్లి అరిష్టమన్నది పాడేవాళ్లు నమ్ముకున్న మాట. వినేవాళ్లు ఆ నమ్మకం ఎప్పుడు వదిలేశారో వీళ్లకు తెలియలేదు.

ఎండలు ముదిరాయి. గోధుమ కుండలు అడుగంటాయి. సగం మంది మగవాళ్లు రాతి క్వారీకి పోయారు. కమాయిచా కమాను పట్టిన వేళ్లు సమ్మెట పట్టాయి. ఇంట్లో సజ్జ అంబలి పలచనైంది. అయినా తీగలు మళ్లీ తవ్వి తెద్దామన్నవాడు లేడు, అనాలని ఉన్నా సిగ్గు అడ్డమొచ్చింది.

అప్పుడొచ్చాడు దీపారామ్. మేఘ్వాల్ కులం మనిషి, అంటరానివాళ్లని ఊరు నెట్టేసిన అవతల మూల వాడలోవాడు. క్వారీలో సంఘం పెట్టి రెండుసార్లు జైలు కూడు తిని వచ్చాడు. ఓరణ్ కోసం గొర్రెల కాపర్లను, తన వాళ్లను, భీల్ కుటుంబాలను కూడగడుతున్నాడు. ఇంతకుముందు మంగణియార్ వాడలోకి వస్తే అతనికి మంచం వేసేవాళ్లు కాదు. ఆ రోజు వేశారు. ఆకలి అంత మర్యాద నేర్పింది.

"వచ్చే శనివారం గ్రామసభ" అన్నాడు. "తహసీల్దారు వస్తాడు. ఓరణ్ ఎవరిదని అడుగుతాడు. మన చేతిలో కాయితం ముక్క లేదు. ఉన్నదల్లా హాసమ్ చాచా నోట్లో ఉంది. ఖంగార్ సింగ్ ఏమన్నాడో తెలుసా? హాసమ్ ఖాన్‌ను చెప్పమనండి, ఆయన ఏం చెబితే అది నాకు సమ్మతం అన్నాడు. పదిమందిలో అన్నాడు."

గుడిసె ముందు కూర్చున్నవాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. దీపారామ్‌కు అర్థం కాలేదు.

"ఏంది? మంచి మాటేగా?"

"వాడికి తెలుసు దీపా" అన్నాడు హాసమ్ ఖాన్. "ఆ పేర్లు నేను అనకూడదు. తీగలు పాతినప్పుడే నోరు పాతేశాను. అడవి ఆ పేర్ల మధ్య ఉంది. పేర్లు తీసేస్తే అడవి లేదు."

పాతేటప్పుడు ఈ సంగతి ఒక్కరికీ తట్టలేదు. కోపంలో తట్టదు. తమ దగ్గరున్న ఒక్క సాక్ష్యాన్నీ తమ చేతులతోనే మట్టి చేసి, చప్పట్లు కొట్టుకుంటూ ఇంటికొచ్చారు. చేతులు కాలాక ఇప్పుడు ఆకుల కోసం వెతుక్కుంటున్నారు.

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టండి" అన్నాడు దీపారామ్. "అడవి పోతుంటే ఒట్టేంది?"

నెహాల్ లేచాడు. "నీకేం, అంటావు. అంటే ముడి మళ్లీ పడుద్ది. మళ్లీ వాడి గడపలో మేము. మాకోసం వాడవాడలా ఆ ఇంటి సంపాదన వదులుకుని కూర్చున్నారు. రేపు వాళ్ల మొహం ఎట్లా చూసేది? ఆ ముక్క తీసేసి చదవరా అని వాడే మళ్లీ అంటాడు. అప్పుడేం చేస్తావు, నువ్వొచ్చి చదువుతావా?"

"అనకపోతే అడవి పోద్ది."

"అంటే మేం పోతాం."

"మీరెప్పుడున్నారయ్యా ఉండి పోవడానికి? దొర తిన్నాక ఆకులెత్తే మేమూ, దొర తింటుంటే పాడే మీరూ. తేడా ఏంటో చెప్పు."

చొక్కాలు పట్టుకునేదాకా వచ్చింది. అప్పుడు గోడ వెనక నుంచి దాఖీ బయటికొచ్చింది. ముసుగు గడ్డం దాకా ఉంది. కోడలు మామ ఎదుట నోరెత్తడం ఆ వాడలో ఎవరూ ఎరగరు.

"మేమేం పాతలేదు" అంది. "ఆడదానికి పాగా లేదు, ఒట్టులో మా ఊసు లేదు. ఒట్టేసేటప్పుడు మమ్మల్ని అడిగినవాడు లేడు. కాబట్టి నేను చెబుతా."

"నీకేం వచ్చునే కైవారం? నీకెవరు నేర్పారు?" అన్నాడు ఒక పెద్దాయన.

"ఇన్నేళ్లు జాలీ వెనక కూర్చుని నేనేం చెవుల్లో దూది పెట్టుకోలేదు మావా."

మగవాళ్లు గొణిగారు. ఆడది నిలబడి కైవారం చదివితే పరువేం కావాలన్నారు. పరువుతో అంబలి కాచుకోండి అని ముసలమ్మ అంది. హాసమ్ ఖాన్ కోడలి వైపు చూడలేదు. నేలను చూస్తూ, "గొంతు పైకెక్కే రెండో మెట్టులో ఊపిరి పట్టుకోమని చెప్పండి ఆమెకు" అన్నాడు. ఒప్పుకున్నట్టే.

శనివారం బడి ఆవరణలో షామియానా వేశారు. కుర్చీల్లో తహసీల్దారు, కంపెనీ మనుషులు, ఠాకూరు. నేల మీద ఊరు. చుట్టూ పోలీసులు. ఠాకూరు చాలా మర్యాదగా, "మా హాసమ్ ఖాన్ ఏడీ, రమ్మనండి, ఆయన మాటే నా మాట" అన్నాడు. హాసమ్ ఖాన్ లేచి నిలబడ్డాడు. తీగలతో పాటు పాగా మట్టిలో పోయిన ఒట్టి తల. నోరు తెరవలేదు. ఠాకూరు మీసం కింద నవ్వుకున్నాడు.

అప్పుడు దాఖీ లేచింది. నోరు విప్పేసరికి గొంతు మొదట కీచుమంది, ఎవరో నవ్వారు. రెండో పేరుకు నిలదొక్కుకుంది. వంశానికి మూలమని చెప్పుకునే చంద్రుడి నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క ఠాకూరునే దించుకుంటూ వచ్చింది. పోలీసులు కూడా బీడీలు ఆర్పేసి విన్నారు. ఠాకూరు మొహంలో రంగు మారింది. రెండో మెట్టులో ఊపిరి పట్టింది. బైరీసాల్ దగ్గరకొచ్చేసరికి కూర్చున్న జనం ఆమెతో కలిశారు. ఆవు ఆకలి తీరేదాకా, మేక దప్పిక తీరేదాకా. గొర్రెల కాపర్లు, మేఘ్వాల్లు, భీల్లు, అందరికీ వచ్చు ఆ ముక్క. అందరి అడవి ఇది. ఆ కాసేపు అడవి నిజంగానే వాళ్లదై కూర్చుంది.

పాట అయ్యాక తహసీల్దారు కళ్లజోడు తుడుచుకున్నాడు. మంచివాడే, గొంతు పెంచలేదు.

"చాలా బావుందమ్మా. అయితే ఈ అడవి ఇచ్చింది ఎవరన్నావు?"

"బైరీసాల్" అంది దాఖీ.

"ఆయన ఎవరు?"

"దొరగారి పూర్వికుడు."

"అంటే ఇవ్వకముందు ఆయనదే కదా? సొంతం కానిదాన్ని ఇవ్వలేడు కదా? ఇచ్చినట్టు పత్రమేమన్నా ఉందా? లేదు. కాబట్టి ఇది ఠాకూరు గారి వంశానిదని మీరే ఒప్పుకున్నారు. ఊరంతా కలిసి పాడారు కూడా." పక్కనున్న గుమస్తాకు రాసుకోమని సైగ చేశాడు.

ఠాకూరు ముందు బిత్తరపోయాడు. తర్వాత పగలబడి నవ్వాడు. "చూశావా హాసమ్, నీ కోడలు ఎంత చక్కగా పాడిందో. నీ కంటే మేలు" అన్నాడు.

దాఖీకి కొరివితో తల గోక్కున్నామని తెలిసింది. ఆ పాటలో ఏ ముక్క పట్టుకున్నా చివరికి దొరదే. తామెంత బాగా పాడితే దొర అంత పెద్దవాడౌతాడు. దీనికోసమా జాలీ వెనక కూర్చుని నేర్చుకుంది అనుకుంది, నాలుక కోసుకోవాలనిపించింది.

జనం లేచారు. దీపారామ్ కుర్చీల వైపు దూకాడు. లాఠీలు లేచాయి. అందరూ పరుగెత్తుతుంటే హాసమ్ ఖాన్ మాత్రం నిలబడ్డచోటే నిలబడి ఉన్నాడు. ఇన్నేళ్లూ తలపాగా కాపాడిన ఆ తల మీద ఆ రోజు ఏమీ లేదు. ఒక్క దెబ్బకే కూలిపోయాడు.

తెల్లారేసరికి పోయాడు. పోయేముందు కోడలిని పిలిచి, జీవితంలో మొదటిసారి నేరుగా మాట్లాడాడు. "నీ తప్పు కాదమ్మా. పాట వాళ్లది. మనం అద్దెకున్నాం" అన్నాడు.

ఖబరస్తాన్‌కు తీసుకుపోదామని పెద్దవాళ్లు పాడె ఎత్తారు. దాఖీ అడ్డం నిలబడింది. "ఓరణ్‌లో పెడదాం. చెట్లు కూల్చే యంత్రాలకు ఎదురుగా."

"అమ్మవారి నేల అది. మనల్ని పెట్టనిస్తారా?" అన్నాడు నెహాల్.

"అమ్మవారి సంగతి మేం చూసుకుంటాం, పదండి" అన్నారు కాపర్లు.

యంత్రాలు అప్పటికే వచ్చి ఉన్నాయి. పసుపు రంగువి, పొదల అంచున వరసగా. పోలీసులు తాడు కట్టారు. శవాన్ని చూసి తాడు ఎత్తక తప్పలేదు. శవం వెనక వచ్చింది వాడ ఒక్కటే కాదు, నాలుగు వాడలు. దీపారామ్ తలకు కట్టుతో వచ్చి గునపం పట్టాడు. మంగణియార్ గోరీ మేఘ్వాల్ తవ్వడం ఆ ఊళ్లో అంతకుముందు జరగలేదు, అప్పుడు ఎవరికీ ఆ ఊసే గుర్తు రాలేదు. మొదటి యంత్రం డ్రైవరు, ఎక్కడో బీహారు మనిషి, ఇంజను ఆపేశాడు. ఇన్‌స్పెక్టరు ఎందుకు ఆపావని గద్దిస్తే, "మనిషిని పూడుస్తున్నారు కదా సార్" అన్నాడు.

మట్టి వేశారు. దువా చదివారు. అయినా ఎవరూ కదల్లేదు. ఏదో మిగిలిపోయింది. ఊళ్లో ఎవరు చచ్చినా వంశం పేర్లు చెప్పి సాగనంపిన మనిషి. ఆయన్ను సాగనంపేదెవరు?

దాఖీ కైవారం గొంతు ఎత్తింది. "హాసమ్ ఖాన్. హాసమ్ తండ్రి ఈసా ఖాన్. ఈసా తండ్రి..."

ఆగిపోయింది. నెహాల్ వైపు చూసింది. నెహాల్‌కు తెలియదు. ముసలమ్మ వైపు చూసింది. ఆమె తల అడ్డంగా ఊపింది. వాడలో పాలుతాగే పిల్లాడికి కూడా ఠాకూరు వంశం చంద్రుడి దాకా వచ్చు. తమ తాత తండ్రి ఎవరో ఒక్కరికీ తెలియదు. నెహాల్ మోకాళ్ల మీద కూలబడి, తండ్రి చచ్చినప్పుడు ఏడవనంత ఏడుపు అప్పుడు ఏడ్చాడు.

"మా తాత పేరు ఖేమా" అన్నాడు దీపారామ్ ఉన్నట్టుండి. గునపం మీద ఆనుకుని ఉన్నాడు. "ఈ బావి తవ్వినవాళ్లలో ఒకడు. మట్టి విరిగిపడి అందులోనే పోయాడంట. మా అవ్వ చెప్పేది. ఆ ఖాళీలో మా తాతను పెట్టు."

దాఖీ అతని వైపు చూసింది. తర్వాత అదే రాగంలో, దొరల పేర్లు పెట్టిన అదే చోట, అంది: "ఖేమా. బావి తవ్విన ఖేమా. నీళ్లు చూపి మట్టైన ఖేమా."

"మా నాయనమ్మ జమ్‌కూ" అంది ఒక కాపరి ఆడది. "కరువులో గొడ్లకు ఆకు కోసి, చెట్టు మీంచి పడి పోయింది."

"ఆకు కోసిన జమ్‌కూ. ఆవును నిలిపి కూలిన జమ్‌కూ."

ఒక్కొక్కరే అన్నారు. కొందరికి పేరు తెలుసు, పని తెలియదు. కొందరికి పని తెలుసు, పేరు తెలియదు. పేరు లేనివాణ్ణి పేరు లేనివాడనే చేర్చింది. ఎండ నడినెత్తికి వచ్చింది. ఇన్‌స్పెక్టరు ఇక ఆగలేకపోయాడు. శవముంటే వదిలేశాను గానీ ఇదేం సభ అన్నాడు. వ్యాన్లు వచ్చాయి.

"ఈ పాట ఎవరు నేర్పారు నీకు? ఎవరున్నారు వెనకాల?" అని దాఖీని జుట్టు పట్టుకుని అడిగాడు.

"ఎవరూ నేర్పలేదు. అదే కదా మా ఏడుపు" అంది.

ఆడవాళ్లూ మగవాళ్లూ కలిపి రెండు వ్యాన్లు నింపారు. వ్యాను కదిలే లోపే ఇంజన్లు మోగాయి. బీహారు డ్రైవర్ని దించేసి ఇంకొకణ్ణి ఎక్కించారు. మొదటి జమ్మి చెట్టు కూలిన చప్పుడు వ్యాను లోపలికి వినిపించింది. తర్వాత లెక్కపెట్టడం మానేశారు.

బెయిలు మీద వచ్చేసరికి అడవి లేదు. దిబ్బ నుంచి దిబ్బ దాకా పలకలు, చుట్టూ ముళ్లకంచె. గోరీ ఎక్కడుందో గుర్తులు లేవు. గొర్రెల మందలు అమ్మేసి కాపర్లు పట్నాలకు పోయారు. నెహాల్‌కు ఆ కంపెనీలోనే పని దొరికింది, పలకల మీద ఇసుక తుడిచే పని. పనికి పోతానంటే దాఖీ వద్దనలేదు. ఏం తిని వద్దంటుంది? తుడుస్తూ తుడుస్తూ తండ్రి ఏ పలక కింద ఉన్నాడో అడుగులేసి చూసుకుంటాడు, ఒకరోజు ఇక్కడ అనిపిస్తుంది, ఇంకోరోజు అక్కడ.

కేసు నడుస్తోంది. ప్రభుత్వ పనికి అడ్డం, అల్లరి, ఇంకేవో. ఆ కేసులో గెలుస్తామని దీపారామ్ కూడా అనడు. వకీలు అసలే అనడు.

మొదటి వాయిదా నాడు దాఖీని బోనెక్కించారు. జిల్లా కోర్టు వరండా జనంతో నిండిపోయింది. గోరీ దగ్గర దాఖీ పాడిన పేర్లు అప్పటికే వాడవాడలా పాకాయి. ముందు రోజే మరో రెండు వాడలవాళ్లు తమ దొరల గుమ్మాల్లో తీగలు పాతి, పాగాలు లేని తలలతో వచ్చి నిలబడ్డారు. పాతితే ఏమొస్తుందని వాళ్లను అడిగితే, ఏమీ రాదని మాకూ తెలుసన్నారు.

"పేరు?" అన్నాడు గుమస్తా.

"దాఖీ."

"తండ్రి పేరు?"

"సోఢే ఖాన్. ఆయన తండ్రి బచాయా. ఆయన తండ్రి పేరు తెలియదు."

"అంతదాకా అక్కర్లేదు. తండ్రి చాలు."

"అక్కరుంది. రాయండి" అంది దాఖీ. "తెలియదని రాయండి. దొర తాతల్ని పాడి పాడి మా తాతల్ని మరిచిపోయాం అని రాయండి. ఆ తర్వాత ఖేమా అని రాయండి."

"ఖేమా ఎవరు? నీకేమౌతాడు?"

దాఖీ జవాబు చెప్పకముందే వరండాలోంచి వచ్చింది. ఒక గొంతు కాదు, తీగలు లేని అన్ని వాడల గొంతులు. బావి తవ్విన ఖేమా. నీళ్లు చూపి మట్టైన ఖేమా. జడ్జి తలెత్తి చూశాడు. బంట్రోతు తలుపు దగ్గరికి పరుగెత్తి నోళ్లు ముయ్యమని అరిచాడు. ఆకు కోసిన జమ్‌కూ అని వరండా అందుకుంది. ఆ తర్వాత పేరు, ఆ తర్వాత పేరు, పేరు లేనివాడు, మళ్లీ పేరు. జడ్జి వాయిదా వేసి లేచిపోయాడు. గుమస్తా మాత్రం కలం పట్టుకుని, ఎక్కడ ఆపాలో తెలియక కూర్చుండిపోయాడు.